పట్టు వదలని బోల్టు

కొత్త బండి కొన్న రోజు పసుపు రాసి, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. ముందు అద్దం మీద దేవుడి పేరు, వెనక తలుపు మీద పిల్లల పేర్లు రాయిస్తాం. బండి కింద ఏముందో మాత్రం ఆ రోజు ఎవరూ వంగి చూడరు. పదేళ్లు గడిచి, సైలెన్సర్ ఊడి రోడ్డును గీసుకుంటూ వచ్చిన నాడో, వెనక కమాను కట్ట ఓ పక్కకు జరిగి బండి వంకరగా నడుస్తున్న నాడో గానీ చూపు అటు పోదు. అప్పుడు మేస్త్రీ పాత ఫ్లెక్సీ ముక్క ఒకటి పరుచుకుని వెల్లకిలా కిందికి జరుగుతాడు. కాసేపటికి లోపలి నుంచి మాట వినిపిస్తుంది. "బోల్టు కదలట్లేదు బాబూ!"

ఇంజిన్ పని తెలిసినవాడికి ఊళ్లో పేరుంటుంది. గేర్‌బాక్సు విప్పి బిగించగలిగినవాడికి ఇంకా పేరు. తుప్పు పట్టిన బోల్టు తీయడాన్ని మాత్రం ఎవరూ పనిగా లెక్కపెట్టరు. అసలు పనికి ముందు వచ్చే చిన్న అడ్డంకి అనుకుంటారు. పాత పికప్ దగ్గర అసలు పని అదే. కొత్త సైలెన్సర్ తగిలించడం ఎంతసేపు? పాతదాన్ని పట్టుకుని ఉన్న బోల్టులు విప్పడానికే పూట గడిచిపోతుంది.

మన కోస్తాలో ఈ బాధ మరీ ఎక్కువ. నిజాంపట్నం, మచిలీపట్నం, కాకినాడ రేవుల నుంచి చేపలు, రొయ్యలు మోసే బొలెరో పికప్పులను, పాత టాటా 207లను చూడండి. ట్రేలలో కరిగిన మంచు నీరు, దాంట్లో కలిసిన సముద్రపు నీరు తొట్టి సందుల్లోంచి ఛాసిస్ మీదికి దారి పొడవునా కారుతూనే ఉంటుంది. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. మిగిలిన ఉప్పు ఊరుకోదు. గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, ఆ తేమను లాక్కుని తనే మళ్లీ నీరవుతుంది. ముసురు పట్టిన రోజుల్లో వంటింటి జాడీలో ఉప్పు చెమ్మగిల్లడం అందరం చూసిందే. సముద్రపు ఒడ్డున తేమ ఆ గీత దాటని రాత్రులు తక్కువ. వాన చినుకు పడకపోయినా, బండి షెడ్డులోనే నిలబడి ఉన్నా, కిందనున్న బోల్టు తెల్లవార్లూ ఉప్పునీటిలో నానుతున్నట్టే.

ఇనుము తుప్పుగా మారితే దానికి ముందుకన్నా రెండింతలకు పైగా చోటు కావాలి. తొట్టి రేకు మీదైతే ఆ తుప్పు పొలుసులుగా లేచి రాలిపోతుంది. నట్టుకూ బోల్టుకూ మధ్యనున్న మరల్లో రాలడానికి దారేది? అక్కడే కూరుకుని, గట్టిపడి, రెంటినీ ఒకే ముక్కగా చేసేస్తుంది. ఎవరూ పానా పెట్టకుండానే బోల్టు ఏటేటా ఇంకాస్త బిగుసుకుంటుంది. పైకి కనిపించే ఆరు పలకల తల మాత్రం ఏటేటా అరిగి, 19 నంబరు పానాకు అందాల్సింది 18కి, 17కి దిగిపోతుంది. లోపల బిగువు పెరుగుతుంటే బయట పట్టుకోవడానికి పట్టు దొరకదు. మేస్త్రీ తిట్లు ఈ రెండో సంగతి మీదే ఎక్కువ.

పని తెలిసినవాడు ముందుగా పానా తీయడు, వైరు బ్రష్షు తీస్తాడు. నట్టు దాటి బయటికి పొడుచుకొచ్చిన మరల మీద పేరుకున్న మట్టినీ తుప్పునూ రుద్ది తీసేస్తాడు. నట్టు బయటికి రావాల్సింది ఆ దారినే కదా. తర్వాత నూనె. ఒకప్పుడు కిరసనాయిలో డీజిలో పోసేవాళ్లు, ఇప్పుడు డబ్బాలో వచ్చే స్ప్రే కొడుతున్నారు. కొట్టి, బోల్టు తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, చేతులు తుడుచుకుని టీ కొట్టు దాకా వెళ్లొస్తాడు.

యజమానికి ఒళ్లు మండేది సరిగ్గా అప్పుడే. "నూనె పోసి కూర్చుంటే ఎలా మేస్త్రీ? సాయంత్రం లోడు ఉంది నాకు!" అని బయట తిరుగుతుంటాడు. ఆయన తొందర ఆయనది. రొయ్య ఆగదు, మంచు ఆగదు. నూనె మాత్రం తన నడకనే నడుస్తుంది. తుప్పులోని సన్నని బీటల వెంట అది లోపలికి పాకాలి, సుత్తి దెబ్బలు ఆ బీటలను కాస్త తెరవాలి, మళ్లీ నూనె పడాలి. రాత్రి పోసి తెల్లవారి పానా పెడితే దారికి వచ్చే బోల్టులు ఎన్నో, ఆ రాత్రి ఆగలేక విరిచేసుకున్నవీ అన్నే. మేస్త్రీ టీ తాగుతున్న సమయాన్ని కూడా కూలీలో లెక్కవేయాలంటే మనకు మింగుడుపడదు గానీ, ఆ సమయం పనిలో భాగమే.

స్ప్రే డబ్బా మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పుకోవాలి. అన్ని షెడ్లలోనూ కనిపించే నీలం పసుపు రంగుల డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ తయారుచేసింది. అట్లాస్ క్షిపణుల పైతొడుగు మీద చెమ్మ నిలవకుండా, తుప్పు పట్టకుండా చూడటం అప్పట్లో దాని పని. తుప్పు రాకుండా కాపాడటానికి పుట్టినదాన్ని మనం పట్టిన తుప్పు విడదీయడానికి వాడుతున్నాం. కొంతవరకు పనిచేస్తుంది. అయితే బిగుసుకున్న మరల్లోకి చొచ్చుకుపోవడానికే చేసిన నూనెలు వేరే ఉన్నాయి. ఆ కంపెనీయే అలాంటిదాన్ని విడిగా అమ్ముతోంది. పాత బండ్ల పని ఎక్కువగా చేసే షెడ్డులో ఆ రెండో రకం ఒక డబ్బా ఉండటం మంచిది.

ఇక పానా పెట్టే ఘట్టం. పన్నెండు మూలల రింగు పానా అరిగిన తల మీద జారుతుంది. ఆరు మూలల బాక్స్ పానా అయితే పలకల మీద నిండుగా కూర్చుంటుంది. తల మరీ అరిగితే ఒక నంబరు చిన్నది తీసుకుని సుత్తితో కొట్టి ఎక్కిస్తారు. ఎక్కించాక మేస్త్రీ విప్పే వైపు లాగడు. ముందు బిగించే వైపే వెంట్రుకవాసి నొక్కుతాడు. చూసేవాళ్లకు ఇది తిరకాసుగా ఉంటుంది. తుప్పు పట్టు చిట్లడానికి ఏ వైపైతేనేం? చిట్లిన చప్పుడు విన్నాకే విప్పే వైపు తిప్పుతాడు. అదీ ఏకధాటిగా కాదు. కొంచెం విప్పి, మళ్లీ కొంచెం వెనక్కి బిగించి, నూనె పోసి, మళ్లీ విప్పుతాడు. రాలిన తుప్పు పొడికి అలా దారి ఇవ్వకపోతే అదే అడ్డం పడి మరలను కొరికేస్తుంది.

ఈ మొత్తంలో పుస్తకంలో దొరకనిది ఒకటుంది. బిగుసుకున్న బోల్టు కదలడంలో రెండు రకాలు. ఒకటి కరకరలాడుతూ, మొండికేస్తూ, మెట్టుమెట్టుగా కదలడం. రెండోది మెత్తగా, హాయిగా తిరగడం. బయట నిలబడ్డ యజమాని రెండో రకం చూసి "వచ్చేసింది!" అని సంబరపడతాడు. కింద మేస్త్రీ ముఖం మాడుతుంది. ఎందుకంటే అక్కడ తిరుగుతున్నది నట్టు కాదు. బోల్టు నడుము మెలిపడి సాగుతోంది. ఇంకో పావు చుట్టు తిప్పితే తల చేతిలోకి వస్తుంది, మొండెం లోపలే ఉండిపోతుంది. ఆ మెత్తదనం తెలిసిన మరుక్షణం ఆగిపోవడమే పనితనం. కొత్తగా చేరిన కుర్రాడు ఆగడు, వాడి ఒంట్లో బలం ఆగనివ్వదు. పానా పిడికి పొడవాటి గొట్టం తొడిగి లాగితే బలం పెరుగుతుందన్న మాట నిజమే. గొట్టం పొడవు పెరిగేకొద్దీ ఆ చివరన ఏం జరుగుతోందో చేతికి తెలియడం తగ్గిపోతుందన్నదీ నిజమే. కండ బలాన్ని గొట్టంతో కొనుక్కోవచ్చు, స్పర్శను కొనుక్కునే షాపు లేదు.

నూనెకు లొంగనిది నిప్పుకు లొంగుతుంది. నట్టును గ్యాసు మంటతో కాలిస్తే అది వ్యాకోచిస్తుంది. ఎంత? ఇనుము ఒక్కో డిగ్రీకి పెరిగేది పది లక్షల్లో పన్నెండు వంతులు. 12 మిల్లీమీటర్ల బోల్టుకున్న నట్టును 400 డిగ్రీల మేర వేడిచేస్తే దాని రంధ్రం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు కాస్త పైన పెరుగుతుంది. సన్నని తల వెంట్రుక మందం అన్నమాట. ఆ వెంట్రుకవాసే చాలు, లోపలి తుప్పు బీటలు వారడానికి. మంట నట్టు మీదే పడాలి, త్వరగా పడాలి. నెమ్మదిగా కాల్చుకుంటూ కూర్చుంటే బోల్టు కూడా వేడెక్కి నట్టుతో పాటే లావవుతుంది, ఇంత శ్రమా వృథా. కొందరు పాత మేస్త్రీలు వేడి నట్టుకు కొవ్వొత్తి ఆనిస్తారు. మైనం కరిగి మరల్లోకి పీల్చుకుపోయి, చల్లారేలోగా జారుడు ఇస్తుంది. ఎర్రగా కాల్చిన బోల్టును మాత్రం తిరిగి వాడకూడదు. కొలిమిలో పదును పెట్టి ఇచ్చిన గట్టిదనం ఆ మంటతోనే పోయి ఉంటుంది.

బండి కింద మంట పెట్టేవాడికి చుట్టూ ఏముందో తెలిసి ఉండాలి. డీజిల్ ట్యాంకు, దాని గొట్టాలు, బ్రేకు పైపులు, కమాను కళ్లలోని రబ్బరు బుష్షులు అన్నీ మూరెడు దూరంలోనే ఉంటాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం జాకీ. బండిని ఒక్క జాకీ మీద నిలబెట్టి కిందికి దూరి, ఒళ్లంతా బలం చేసుకుని పానా లాగడం మన షెడ్లలో రోజూ కనిపించే దృశ్యం. బిగుసుకున్న బోల్టు లాగినప్పుడు ఊగేది బండే. రెండు స్టాండ్లు కొనే స్తోమత లేకపోతే గట్టి కర్ర దుంగలైనా పెట్టాలి. తుప్పు పొడి నేరుగా కళ్లలోనే రాలుతుంది కాబట్టి కళ్లద్దాలు పెట్టాలి. ఈ రెండింటి దగ్గర చాలామంది మేస్త్రీలు నవ్వేసి ఊరుకుంటారు. వాళ్ల పనితనాన్ని ఎంత మెచ్చుకున్నా ఈ నవ్వును మెచ్చుకోలేం.

అన్నీ చేసినా కొన్ని విరుగుతాయి. విరిగిన మొండెం కాస్త పైకి ఉంటే దాని మీద ఓ నట్టు పెట్టి, నట్టు లోపలి నుంచి వెల్డింగ్ పోస్తారు. పానాకు కొత్త తల దొరుకుతుంది, వెల్డింగ్ వేడి లోపలి తుప్పును కదిలిస్తుంది. ఒకే దెబ్బకు రెండు పనులు. లోతుగా విరిగితే నడిమధ్యన గుంట కొట్టి, సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి పెద్దది చేసుకుంటూ పోవాలి. ఆ రంధ్రంలో దిగ్గొట్టి ఎడమకు తిప్పే ఈజీ అవుట్ అనే పనిముట్టు ఉంది. అది చాలా గట్టి ఉక్కు. దాన్ని కూడా మొరటుగా తిప్పి లోపలే విరగ్గొట్టుకుంటే మామూలు డ్రిల్లు దాని మీద పనిచేయదు. అప్పటిదాకా ఉన్నది ఒక సమస్య, ఇప్పుడు రెండు.

అన్నిటికన్నా పెంకివి క్యాబిన్‌ను ఛాసిస్‌తో కలిపే బోల్టులు. వీటిలో కొన్నిటి నట్టు, పానా దూరని మూసిన చోట అతికించి ఉంటుంది. అతుకు తుప్పుకు ఊడిందా, బోల్టుతో పాటు నట్టూ గిరగిరా తిరుగుతుంది. పట్టుకునే దారి ఉండదు. క్యాబిన్ నేల రేకును చిన్న కిటికీలా కోసి, పని అయ్యాక మళ్లీ అతకాల్సి వస్తుంది. ఇక్కడే మేస్త్రీ తీర్పు చెప్పాలి. ఏ బోల్టును బతిమాలాలి, దేన్ని గ్యాసుతో కోసి పారేయాలి? వెనక కమాను కట్టను ఇరుసుకు కట్టిపడేసే యూ-బోల్టుల మీద గంటలు తగలేయడం తెలివితక్కువ. వాటిని ఒకసారి విప్పితే ఎలాగూ కొత్తవే వేయాలి కాబట్టి కోసేయడమే మేలు. ఇంజిన్ వైపు సైలెన్సర్ అంచుకుండే స్టడ్డు మీద మాత్రం ఎంత ఓపిక పట్టినా తప్పులేదు. అది విరిగితే పని ఇంజిన్ దాకా పోతుంది.

ఉప్పు బాధ మన తీరానిది మాత్రమే కాదు. మిషిగన్, ఒహాయో వంటి అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో శీతకాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే మన ఇంజినీర్లు తమ సొంత బండ్ల కింద ఈ సంగతి చూస్తూనే ఉంటారు. అక్కడ టకోమా, టండ్రా పికప్పుల, సెకోయా బండ్ల ఛాసిస్‌లు అకాలంగా తుప్పుపట్టాయన్న దావాలో టయోటా 2016లో దాదాపు 340 కోట్ల డాలర్ల దాకా విలువ కట్టిన రాజీకి వచ్చింది. దాని పరిధిలోకి వచ్చినవి దాదాపు 15 లక్షల వాహనాలు. మన రొయ్యల పికప్ యజమానికి అలాంటి దావా ఊహకు కూడా అందదు. ఆయన దావా అంతా మేస్త్రీతోనే.

పాతది బయటికి వచ్చాక కొత్తది వేయడం తేలికైన పనిలా కనిపిస్తుంది, నిర్లక్ష్యం మొదలయ్యేదీ అక్కడే. హార్డ్‌వేర్ షాపులో ఓ పిడికెడు బోల్టులు తెచ్చి సైజు సరిపోతే చాలు అనుకుంటారు. సైజు సరిపోవడం కూడా మామూలు విషయం కాదనుకోండి. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ మరల కొలతలకు ఒకే పద్ధతి ప్రతిపాదించేదాకా ఒక కర్మాగారం నట్టు ఇంకో కర్మాగారం బోల్టుకు పట్టడం అదృష్టమే. ఇవాళ విజయవాడ ఆటోనగర్‌లో కొన్న నట్టు కాకినాడలో బోల్టుకు మారుమాట లేకుండా ఎక్కుతోంది. అయితే కొలత ఒకటైనంత మాత్రాన బలం ఒకటి కాదు. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అచ్చు ఉంటుంది. 8.8 అంటే ప్రతి చదరపు మిల్లీమీటరుకు దాదాపు 80 కిలోల బరువు వేలాడదీస్తే గానీ తెగదని, అందులో 80 శాతం దాకా లాగినా వదిలేస్తే తిరిగి తన పొడవుకు వచ్చేస్తుందని. 10.9 అయితే వంద కిలోలు, తొంభై శాతం. 10.9 ఉన్నచోట ఏ అచ్చూ లేని బోల్టు వేసి పంపడం యజమానికి తెలియని మోసం. తుప్పే పట్టదని స్టెయిన్‌లెస్ బోల్టులు వేయించుకునేవాళ్లూ ఉన్నారు. మామూలుగా దొరికే స్టెయిన్‌లెస్ బలంలో 8.8కి తూగదు. పైగా బిగించేటప్పుడు మరలు ఒకదాన్నొకటి కొరుక్కుని, తుప్పు లేకుండానే పట్టేస్తాయి. నంబరు పలకకు వేసుకోవచ్చు గానీ కమాను కట్టకు పనికిరావు.

కొత్త బోల్టు మరలకు కాస్త గ్రీజో, పట్టేయకుండా పూసే పేస్టో రాసి బిగిస్తే రేపు విప్పేవాడికి ఈ యాతన ఉండదు. దీనికీ ఒక మెలిక ఉంది. మామూలుగా పానా మీద చూపే బలంలో దాదాపు తొమ్మిది వంతులు రాపిడికే ఖర్చవుతుంది, పదో వంతే బోల్టును సాగదీసి బిగువు తెస్తుంది. గ్రీజు రాసి రాపిడి తగ్గించి, చేతి అలవాటు కొద్దీ అంతే బలంగా లాగితే బోల్టు మీద భారం హద్దు మీరుతుంది. అందుకే గ్రీజు రాసిన చేయి కాస్త తగ్గి బిగించాలి. ఏమైనా ఆ చిటికెడు గ్రీజు రాసేవాడంటే గౌరవం కలుగుతుంది. దాని ఫలం అతనికి దక్కదు. ఆరేడేళ్ల తర్వాత, బహుశా ఇంకో ఊళ్లో, ఇంకో షెడ్డులో ముఖం తెలియని మరో మేస్త్రీ పానా పెట్టి "ఇదేంటి, చక్కగా వచ్చేసింది!" అనుకుంటాడు. మనం ఆఫీసుల్లో రాసే ఫైళ్లను, కట్టే ఇళ్లలో గోడల్లోపల దాచేసే పైపులను తర్వాత వచ్చేవాడు విప్పాల్సి వస్తుందన్న ఆలోచన ఎంతమందికి ఉంది?

యజమాని చేయగలిగింది కూడా ఉంది, అదేమంత ఖరీదూ కాదు. లోడు దించిన రోజే మంచినీటితో బండి కింద కడిగించాలి. పైన తళతళలాడేలా కడిగి కింద వదిలేయడం మన అలవాటు. ఛాసిస్‌కు నీరు పోయేందుకు ఉంచిన రంధ్రాలు మట్టితో పూడుకుపోతే ఉప్పునీరు లోపలే నిలుస్తుంది, వాటిని పుల్లతో పొడిచి తెరవాలి. కడిగించాక బండి అడుగంతా కాలిన ఇంజిన్ ఆయిల్ కొట్టించడం మనకు పరిపాటి. ఇనుముకు అది కొంత మేలే చేసినా రబ్బరు బుష్షులను ఉబ్బించి పాడుచేస్తుంది, కారిన నూనె ఊరి కాలువలోకి పోతుంది. ఇందుకోసమే చేసిన మైనపు పూతలు దొరుకుతున్నాయి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఎలాగూ తప్పదు. ఆ పరీక్ష ముందురోజు రంగు వేయించడానికి పెట్టే ఖర్చులో సగం కిందివైపు పెడితే యజమానికీ మేస్త్రీకీ సుఖం.

కూలీ దగ్గర పేచీ మాత్రం ఎప్పటికీ ఉండేదే. "బోల్టు ఖరీదు ముప్ఫై, విప్పినందుకు ఆరు వందలా?" అని యజమాని అంటాడు. "ముప్ఫైది నేను తీయలేదు బాబూ, పదేళ్లది తీశాను" అంటాడు మాట నేర్చిన మేస్త్రీ. మాట నేర్వనివాడు నాలుగు వందలు పుచ్చుకుని ఊరుకుంటాడు. బిల్లు పుస్తకంలో కొత్త సామాన్లకు గడి ఉంటుంది, లేబరుకు ఒక గడి ఉంటుంది. ఏ బోల్టును విరగ్గొట్టకుండా కాపాడాడో రాయడానికి గడి లేదు.

కొత్త యూ-బోల్టులు వేసిన బండి లోడుతో కొంత తిరిగాక కమాను పట్టీలు సర్దుకుని బిగువు సడలుతుంది, మళ్లీ ఒకసారి పానా పడాలి. వదిలేస్తే పట్టీల నడుమనున్న సెంటర్ బోల్టు తెగి ఇరుసు పక్కకు జరుగుతుంది. ఈ సంగతి బండి అప్పగించేటప్పుడే చెబుతారు. దీనికి డబ్బులు కూడా అడగరు. అయినా బండి బాగానే నడుస్తోంది కదా అని చాలామంది రారు. అందుకే కొందరు మేస్త్రీలు రోజులు లెక్కపెట్టుకుని తామే ఫోన్ చేస్తారు.